ఎత్తుమడికి అడుగు కట్టించాలా, నేలకే వదిలేయాలా? – భీమవరం దగ్గర, చెరువుల పక్కన పెరడు

చెరువుగట్టు_ఇల్లు | మే 11

అందరికీ నమస్కారం. మాది భీమవరానికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఒక ఊరు. ఇంటి వెనక ఏడు సెంట్ల పెరడు ఉంది. ఒకప్పుడు మా మామగారు ఇందులో వంగ, బెండ, దొండపాదు, ఇంటికి సరిపడా మిరప అన్నీ పండించేవారు. తరవాత చుట్టూ ఉన్న వరిచేలు ఒక్కొక్కటిగా రొయ్యల చెరువులయ్యాయి. తూర్పు వైపు చెరువు గట్టు మా ప్రహరీకి ఇరవై అడుగుల దూరం కూడా లేదు. ఇప్పుడు నేలలో నాటిన మొక్క ఏదీ నిలవడం లేదు. ముందు ఆకుల అంచులు మాడతాయి, తరవాత మొక్క మొత్తం ముడుచుకుపోతుంది.

అందుకని ఇటుకతో నాలుగు ఎత్తుమడులు కట్టిద్దామనుకుంటున్నాం. ఒక్కొక్కటి ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు. కింద మూడంగుళాల కాంక్రీటు వేస్తేనే గోడ నిలుస్తుందని మేస్త్రి అంటున్నాడు. మా మరిది ఒప్పుకోవడం లేదు. "అడుగు మూసేస్తే అది మడి కాదు వదినా, తొట్టి. వేరు భూమిలోకి దిగాలి" అంటాడు. ఇద్దరి మాటా సబబుగానే తోస్తోంది. వానలు మొదలయ్యేలోపు తేల్చుకోవాలి. మీ పెరళ్లలో ఏం చేశారో, ఏం జరిగిందో చెప్పండి.

లంకమట్టి | మే 11

మీ మరిది గారి పక్షమే నాది. మాది కొత్తపేట వైపు లంక గ్రామం. మావన్నీ అడుగు లేని మడులే, తాటి మొద్దులు నాలుగు వైపులా అడ్డం పెట్టి మట్టి పోశాం. ఇసుక కలిసిన ఒండ్రు నేల కాబట్టి ఎంత వాన పడినా గంటలో ఇంకిపోతుంది. వానపాములు కింది నుంచి వాటంతట అవే వచ్చి చేరాయి. వేసవిలో రెండు రోజులు నీళ్లు పోయకపోయినా వంగ మొక్క వాడదు, వేరు కిందికి దిగి తడి వెతుక్కుంటుంది. అడుగు మూసిన మడికి ఆ దారి ఉండదు.

కొబ్బరినీడ | మే 12

లంకమట్టి గారూ, మీ పెరట్లో కొబ్బరి చెట్లు దగ్గరగా లేవనుకుంటాను. మాది అంబాజీపేట. నేనూ అడుగు లేకుండానే మూడు మడులు పెట్టాను. మొదటి ఏడాది బీర, ఆనప కాసిన కాపు ఊరంతా పంచాం. రెండో ఏడు సగమైంది. మూడో ఏడు తొలకరికి ముందు మట్టి గుల్ల చేద్దామని పార వేస్తే పార దిగలేదు. చేత్తో పెకిలించి చూశాను. మడి నిండా కొబ్బరి వేర్లు చాప అల్లినట్టు అల్లుకుని ఉన్నాయి, ముదురువి ఎర్రగా, లేతవి తెల్లగా. మేము పోసిన పశువుల ఎరువంతా చెట్టు తాగేసింది. ఆ ఏడు కొబ్బరి కాపు మాత్రం బాగుంది.

కొబ్బరి వేర్లు చాలా వరకు మొదలు చుట్టూ రెండు మీటర్లలోపే ఉంటాయి. ఆ పరిధిలో మడి పెట్టాలంటే అడుగు కట్టాల్సిందే. దానికి అవతల అయితే నేలకు వదిలేయవచ్చు. మా రెండో విడత మడులు అలాగే కట్టాం, ఇప్పటికి నాలుగేళ్లు.

తాపీపని | మే 12

నేను ఇరవై ఏళ్లుగా కట్టుబడి పనిలో ఉన్నాను. భీమవరం చుట్టుపక్కల నల్ల బంకమట్టి అంటే నాకు భయం. వానకు ఉబ్బుతుంది, ఎండకు అరచేయి పట్టేంత నెరియలు విచ్చుతుంది. దాని మీద ఒంటి ఇటుక గోడ లేపితే రెండో వేసవికి మూల దగ్గర చీలుతుంది. మేస్త్రి చెప్పింది తప్పు కాదు. అయితే గోడకు పునాది వేరు, మడికి అడుగు వేరు. గోడ కింద మాత్రమే అడుగు వెడల్పు, అడుగు లోతు కందకం తీసి ఇసుక గట్టిగా దిమ్మిస చేసి, ఆపైన కాంక్రీటు పట్టీ వేసుకుంటే మధ్య భాగం తెరిచి ఉంచవచ్చు. ఖర్చూ తగ్గుతుంది.

అడుగు మూయాలనుకుంటే అట్టడుగున ఆరంగుళాలు కంకర పోయండి. నీళ్లు కిందికి దిగిపోతాయి.

నేలపరీక్ష | మే 13

నేను మట్టి పరీక్షల పనిలో ముప్పై ఏళ్లు గడిపాను. నా మనవి ఒక్కటే. మడి కట్టక ముందు మీ నేల కింద ఏముందో కళ్లారా చూడండి. లంక ఇసుక నేలకు పనికొచ్చిన మాట చెరువు గట్టు కింది బంకమట్టికి పనికిరాదు. రెండూ గోదావరి డెల్టాయే, కానీ కింద నీరు వేరు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారాక ఈ డెల్టా ధాన్యాగారమైంది. అదే కాలువ నీరు ఏడాదిలో ఎక్కువ నెలలు చేలల్లో నిలిచి, భూమి లోపలి నీటిమట్టాన్ని కూడా పైకి తెచ్చింది. సార్వాలో, అంటే వానాకాలపు వరికి, చేను నిండా నీరున్నప్పుడు మీ పెరట్లో గొయ్యి తీస్తే రెండు మూడు అడుగులకే ఊట తగులుతుంది. దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు, అప్పుడు మట్టం దిగుతుంది. మీ దగ్గర దీనికి తోడు చెరువుల్లో కలిపే ఉప్పుబోరు నీరు ఉంది. అది గట్టు కింది నుంచి పక్కకు ఊరుతుంది.

ఇప్పుడు అడుగు లేని మడి ఏం చేస్తుందో చూడండి. ప్రమిదలో వత్తి నూనెను ఎలా పైకి లాగుతుందో మట్టి నీటిని అలా లాగుతుంది. ముతక ఇసుకలో ఆ లాగుడు జానెడో మూరెడో ఉంటుంది. బంకమట్టిలో నెమ్మదిగానే అయినా మనిషి నిలువెత్తు దాకా పోగలదు. పైకి వచ్చిన నీరు ఎండకు ఆవిరైపోతుంది, ఉప్పు మాత్రం మడిలోనే ఉండిపోతుంది. మీరు ఎంత మంచి మట్టి తెచ్చి పోసినా రెండు మూడు వేసవులకు అది మీ నేలలాగే అవుతుంది.

కాబట్టి ఈ వారమే మడి పెట్టబోయే చోట నాలుగు అడుగుల గొయ్యి తీయండి. ఎన్ని అడుగులకు నీరు ఊరిందో రాసుకోండి. ఆ నీటికి, మట్టికి లవణ పరీక్ష చేయించండి. జూలైలో చేలు నిండాక మళ్లీ చూడండి. మట్టి రసంలో ఉప్పు అంకె (ఈసీ, డెసీసీమెన్స్/మీటరు లెక్కలో) 4 దాటితే దాన్ని పాల చవుడు అంటాం. ఫ్రెంచి చిక్కుడు 1 దాటితేనే తగ్గిపోతుంది, టమాటా 2.5 దాకా ఓర్చుకుంటుంది. పరీక్ష కేంద్రంలో మట్టికి నీరు ఎక్కువ కలిపి కొలిస్తే అంకె తక్కువగా కనిపిస్తుంది, ఏ పద్ధతిలో కొలిచారో అడిగి తెలుసుకోండి.

తాపీపని గారి పునాది సలహా చాలా మంచిది. కంకర సంగతి మాత్రం నేను ఒప్పుకోను, అది విడిగా రాస్తాను.

పాలకొల్లు_పాదు | మే 13

గొయ్యి తీసేటప్పుడు పందికొక్కు బొరియలున్నాయేమో కూడా చూడండి. చెరువు గట్ల దగ్గర వాటి బాధ ఎక్కువ. అడుగు వదిలేస్తే అరంగుళం కన్ను ఉన్న ఇనుప వల పరిచి, అంచులు గోడలోకి మడవాలి. మా చేమదుంపలు, కంద ఒక్క రాత్రిలో పోయాయి. పైన ఆకులు పచ్చగా నిలబడే ఉన్నాయి, లాగితే కింద దుంప లేదు.

నేలపరీక్ష | మే 14

కంకర గురించి. అడుగు మూసిన మడిలో కంకర పోస్తే నీరు త్వరగా దిగుతుందని అందరూ అనుకుంటారు. సన్నటి మట్టి కింద ముతక రాయి ఉంటే నీరు ఆ సరిహద్దు దగ్గరే ఆగిపోతుంది. పై మట్టి పూర్తిగా నానితే గాని చుక్క కిందికి రాదు.

ఉతికిన చీర దండెం మీద ఆరేస్తే ఏమవుతుంది? పైభాగం త్వరగా ఆరుతుంది, కింది అంచు మాత్రం చాలాసేపు తడిగానే ఉంటుంది. మట్టిలోనూ అంతే, అట్టడుగున కొంత మందం ఎప్పుడూ చిత్తడిగా ఉంటుంది. మీరు ఆరంగుళాలు కంకర పోస్తే ఆ చిత్తడి అంచు ఆరంగుళాలు పైకి జరుగుతుంది, వేరుకు మిగిలే ఆరిన మట్టి తగ్గుతుంది. అడుగు మూసిన మడికి కావలసింది లోతు, వాలు, తూములు. అడుగున్నరకు బదులు రెండు అడుగుల ఎత్తు కట్టండి. అడుగును ఒక వైపుకు అంగుళం వాలుగా పోయించండి. ఆ వాలు అంచున అడుగున్నరకు ఒకటి చొప్పున తూములు పెట్టించండి.

అదే కంకర, లేదా ఇటుక ముక్కలు, అడుగు లేని మడి కింద ఉప్పు నేల మీద పరిస్తే చాలా మేలు చేస్తుంది. పెద్ద సందుల గుండా వత్తి లాగుడు సాగదు, కింది ఉప్పునీరు అక్కడ తెగిపోతుంది. పై నుంచి వాన గట్టిగా పడితే మాత్రం దిగిపోతుంది. అయితే ఆ పొర వానాకాలపు నీటిమట్టానికి పైన ఉండాలి, మునిగితే లాభం లేదు.

తాపీపని | మే 14

చీర మాట నాకు బాగా అర్థమైంది. ఇన్నాళ్లూ పోసిన తొట్లన్నీ గుర్తొస్తున్నాయి. తూములకు ముప్పావు అంగుళం పైపు ముక్కలు వాడండి, అరంగుళంవి పూడిపోతాయి. లోపలి వైపు నైలాన్ జాలీ కట్టండి.

మేడతోట_రాజమండ్రి | మే 15

నావన్నీ మేడ మీద మడులు, అంటే అడుగు మూసినవే. పదకొండేళ్ల అనుభవంతో రెండు మాటలు. ఎనిమిది అడుగులకు నాలుగు అడుగుల మడిలో అడుగు మందం తడిమట్టి ఒకటిన్నర టన్ను తూగుతుంది. మేడ మీద పెట్టేవారు ముందు ఇంజనీరును అడగాలి. నేల మీద పెట్టే మీకు ఆ చింత లేదు.

రెండోది మీకు పనికొస్తుంది. అడుగు మూసినంత మాత్రాన ఉప్పు బెడద పోదు. కింది నుంచి రావడం ఆగుతుంది గాని, మీరు పోసే నీటిలో, వేసే ఎరువులో ఉన్న ఉప్పు బయటికి పోయే దారి తూములొక్కటే. బోరు నీరు పోస్తూ, తూముల నుంచి ఒక్క చుక్క రాకుండా పొదుపుగా తడుపుతుంటే రెండేళ్లలో మట్టి పైన తెల్లగా పొర కడుతుంది. వారానికోసారి తూముల్లోంచి నీరు కారేదాకా పోయాలి. వానాకాలంలో మడిని వానకు వదిలేయాలి, పట్టాలు కప్పకూడదు.

మీరు ఏ నీరు పోయబోతున్నారు?

చెరువుగట్టు_ఇల్లు | మే 19

గొయ్యి తీశాం. మరిది గునపం వేశాడు, నేను మట్టి తోడాను. మొదటి అడుగు నల్లటి గడ్డలు, రాయిలా ఉన్నాయి. రెండు అడుగులు దాటాక మట్టి బూడిదరంగుకు తిరిగింది, చేతికి వెన్నలా అంటుకుంది, మురుగు వాసన వచ్చింది. నాలుగు అడుగులకు కూడా నీరు కనిపించలేదు. మర్నాడు పొద్దున వెళ్లి చూస్తే చెరువు వైపు గోడ ఒక్కటే చెమర్చి, అడుగున చెంబెడు నీరు చేరి ఉంది. మిగతా మూడు గోడలు పొడిగానే ఉన్నాయి.

ఆ నీటి ఉప్పు అంకె 5.6. బోరు నీరు 2.9. పంచాయతీ కుళాయి నీరు 0.5, అది మంచినీళ్ల చెరువు నుంచి వస్తుంది, కాలువలు కట్టేసిన ఈ రోజుల్లో రెండు రోజులకోసారి. మడులకు పోయాలంటే మనసు ఒప్పదు.

నేలపరీక్ష | మే 19

గోడలు నాలుగింటిలో ఒక్కటే చెమర్చిందని గమనించారు చూడండి, అదే అసలు సంగతి. చెరువు వైపు మడులకు అడుగు కట్టండి. ఇంటి వైపు మడులకు ఇటుక ముక్కల పొర వేసి తెరిచి ఉంచండి. ఇంటి పైకప్పు నీటిని ఒక తొట్టికి మళ్లించండి, కొన్ని నెలలు దానితోనే గడుస్తుంది.

కడియం_నారు | మే 21

మట్టి గురించి ఎవరూ రాయలేదు. 8 × 4 × 2 అడుగులంటే ఒక్కో మడికి 64 ఘనపుటడుగులు, నాలుగింటికి 256. అంత మట్టి ఎక్కడ నుంచి తెస్తారో అడుగు కంటే అదే ముఖ్యం. రొయ్యల చెరువు పూడిక మట్టి ఉచితంగా ఇస్తామంటారు, ఎట్టి పరిస్థితిలోనూ వద్దు, నిండా ఉప్పే. ఊరి మంచినీళ్ల చెరువు పూడిక అయితే బంగారం. మెట్ట నుంచి ఎర్రమట్టి రెండు పాళ్లు, చివికిన పశువుల ఎరువు ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు. పొట్టును మూడుసార్లు మంచినీటితో కడగాలి. ఉప్పుటేరులో నానబెట్టిన డొక్క నుంచి వచ్చిన పొట్టయితే దానిలోనూ ఉప్పుంటుంది.

ఇంకొకటి. టమాటా, బెండ వేర్లకు బుడిపెలు కట్టే నులిపురుగు మట్టితో, నారుతో వస్తుంది. అడుగు మూసినా అది పోదు, తెచ్చుకున్నది లోపలే ఉంటుంది. ఇంకా ఎండలున్నాయి కదా, మట్టి పోసి తడిపి, పలుచటి, అవతలిది కనిపించే పారదర్శక ప్లాస్టిక్ పట్టా బిగుతుగా కప్పి నాలుగు వారాలు ఉంచండి. నాటేటప్పుడు వేపపిండి కలపండి. మధ్యలో ఒక పంట బంతి వేయండి.

లంకమట్టి | మే 22

నేను మొదట్లో తొందరపడి చెప్పాను, మీ గొయ్యి సంగతి చదివాక అర్థమైంది. మా ఊరి సంగతి కూడా ఒకటి చెప్పాలి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటిన వరద వచ్చినప్పుడు మా ఇళ్లూ మడులూ మునిగాయి. నీరు తీశాక నా అడుగు లేని మడులు వారంలో ఆరిపోయాయి, పైన జానెడు కొత్త ఒండ్రు కూడా మిగిలింది. పక్కింటివారివి సిమెంటు మడులు. తూముల్లో బురద గట్టిపడి నీరు అందులోనే నిలిచిపోయింది. పది రోజుల తరవాత కరివేపాకు మొక్క పీకితే వేరు తొక్క చేతిలోకి ఊడి వచ్చింది.

వరద తగిలే చోట అడుగు కట్టేవారు తూము దగ్గరకు చేయి పోయేలా పెట్టుకోవాలి.

చెరువుగట్టు_ఇల్లు | జూలై 20

మడులు కట్టించాం. చెరువు వైపు రెండింటికి వాలు అడుగు, తూములు. ఇంటి వైపు ఒకటి ఇటుక ముక్కల మీద, కింద ఇనుప వలతో. నాలుగోది మరిది పట్టుదల, నేరుగా నేల మీదే. నాలుగింటిలోనూ ఒకే మట్టి, ఒకే రోజు నాట్లు. పాత గొయ్యిలో నీరు ఇప్పుడు రెండు అడుగుల లోతులో ఉంది. అంకె 3.8కి దిగింది, వానలు కలిసినందుకేమో.

చెరువుగట్టు_ఇల్లు | నవంబరు 6

అక్టోబరు వాయుగుండానికి మూడు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసింది. అడుగు కట్టిన రెండు మడుల్లో ఒకదానిలో మిరప అంతా తలలు వాల్చింది. తడి తక్కువై వాడినట్టే ఉంది, మట్టి మాత్రం పిండితే నీరు కారుతోంది. తూముల వైపు కూర్చుని చూస్తే ఐదింటిలో ఒక్కటే కారుతోంది. సైకిలు పుల్ల పోనిచ్చి కదిపాను. మొదట సన్నటి బురద, తరవాత తెల్లటి వేర్ల కుచ్చు, ఆ వెనక నల్లటి నీరు ధారగా వచ్చింది. పావుగంట కారుతూనే ఉంది. సగం మొక్కలు కోలుకున్నాయి. ఇటుక ముక్కల మడికి ఏమీ కాలేదు.

తాపీపని | నవంబరు 6

జాలీ కట్టారా అమ్మా?

చెరువుగట్టు_ఇల్లు | నవంబరు 6

ఒక మడికే కట్టారు, పూడింది కట్టనిది. ఇప్పుడు జాలీతో పాటు తూము ముందు గుప్పెడు కొబ్బరి పీచు కూడా పెట్టాం.

మేడతోట_రాజమండ్రి | నవంబరు 7

పీచు ఏడాదికోసారి మార్చండి, చివికిపోతుంది. మిరపకు నీరు నిలవడం అసలు గిట్టదు, ఆ మడిలో వచ్చే ఏడు గోంగూర, తోటకూర వేసి చూడండి.

చెరువుగట్టు_ఇల్లు | ఏప్రిల్ 18

కాలువలు కట్టేశారు. మట్టి నాలుగు మడుల నుంచీ తీసి ఒకే కేంద్రంలో, ఒకే పద్ధతిలో పరీక్ష చేయించాను. అడుగు కట్టినవి 0.9, 1.1. ఇటుక ముక్కల మడి 0.8. నేరుగా నేల మీద ఉన్నది 2.7. చూపుకే తెలుస్తోంది, పొద్దున్నే దాని మీద పిండి చల్లినట్టు తెల్లగా ఉంటుంది, వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంటే ఉప్పదనం.

నీటి సంగతి మాత్రం మరిది చెప్పినట్టే అయింది. అడుగు కట్టిన వాటికి రోజూ పొద్దున, సాయంత్రం పోయాల్సి వస్తోంది. ఇటుక ముక్కల మడికి కూడా అంతే, కింది తడి దానికీ అందదు. పైకప్పు నీరు ఫిబ్రవరితో అయిపోయింది. కుళాయి నీటికి బోరు నీరు సగం కలిపి పోస్తున్నాం, మట్టి మీద వరిగడ్డి మందంగా కప్పాం.

నేలపరీక్ష | ఏప్రిల్ 18

బోరు నీరు కలిపినన్నాళ్లూ తూము కారేదాకా పోయడం మానకండి. తొలకరి వానలు రెండు పడ్డాక మళ్లీ కొలిపించి ఇక్కడ రాయండి. నాలుగో మడిని ఏం చేస్తున్నారు?

చెరువుగట్టు_ఇల్లు | ఏప్రిల్ 20

మరిదే నిన్న మట్టంతా తీసి పక్కన కుప్ప పోశాడు. పక్క వీధిలో పాత ఇల్లు పడగొడుతుంటే ఇటుక ముక్కలు రెండు బండ్లు తెచ్చాడు. ఇవాళ పరుస్తున్నాడు. తీసిన మట్టిని వానకు కడగనిచ్చి జూలైలో తిరిగి పోస్తాం. కొబ్బరినీడ గారూ, దాని పక్కన ఒక గంగబొండం కొబ్బరి మొక్క నాటుదామంటున్నాడు, ఎంత దూరం వదలాలి?

కొబ్బరినీడ | ఏప్రిల్ 20

మడి అంచు నుంచి పది అడుగులు. అంతకు తగ్గితే నాటవద్దని చెప్పండి.